రాయి తగిలిన రోజే రాసి పెట్టాలి: సర్కారు పనుల్లో ఖర్చులు, క్లెయిములు, వివాదాలు

కాలువ తవ్వకంలో పైనున్న మట్టి, గ్రావెల్ తీసేశాక ఒకచోట పొక్లెయిన్ బకెట్ దిగదు, గీసుకుపోతుంది. డిపార్ట్‌మెంట్ ఎస్టిమేట్‌లో ఆ రీచ్‌కు (కాలువలోని ఆ భాగానికి) హార్డ్ రాక్ 20 శాతం అని ఉంటుంది. తీరా తవ్వితే 35 శాతం తేలుతుంది. పని ఆగకూడదన్న తొందరలో కంప్రెసర్ తెప్పించి, డ్రిల్ కొట్టి, పేల్చి, రాయి ఎత్తేసి ముందుకెళ్లిపోతే ఆ రాయి మళ్లీ ఎవరికీ కనిపించదు. కాలువలోకి నీళ్లు వదిలాక చూపించాలన్నా చూపించలేరు. ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే డిపార్ట్‌మెంట్ పుస్తకం) ఎస్టిమేట్ ప్రకారం 20 శాతమే ఎక్కుతుంది. మిగిలిన 15 శాతం కాంట్రాక్టర్ నెత్తిన పడుతుంది.

అది ఎంతో ఒకసారి లెక్క వేసి చూడాలి. మొత్తం తవ్వకం 60,000 ఘనపు మీటర్లయితే 15 శాతం అంటే 9,000 ఘనపు మీటర్లు. మామూలు నేల రేటుకూ హార్డ్ రాక్ రేటుకూ మధ్య తేడా ఘనపు మీటరుకు 300 రూపాయలు అనుకుంటే 27 లక్షలు. చిన్న కాంట్రాక్టర్‌కు ఆ పని మీద వచ్చే మొత్తం లాభం అంత ఉండకపోవచ్చు.

క్లెయిమ్ అంటే పని పూర్తయ్యాక లాయర్ దగ్గర కూర్చుని తయారు చేసుకునే కాగితం అనుకుంటారు చాలామంది. ఈ రంగంలో ఇంతకు మించిన ఖరీదైన పొరపాటు లేదు. క్లెయిమ్ బలమంతా సంఘటన జరిగిన వారంలోనే, సైట్లోనే తయారవుతుంది. ఆ వారంలో లేని కాగితాన్ని తర్వాత ఏ లాయరూ పుట్టించలేడు.

రాయి బయటపడిన రోజు చేయాల్సింది

మట్టి పొర పూర్తిగా తీసేశాక, రాయి మీద ఒక్క డ్రిల్ కూడా పెట్టకముందు, అసిస్టెంట్ ఇంజనీర్‌కూ (ఏఈ) డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌కూ లేఖ వెళ్లాలి. ఏ ఛైనేజీ (కాలువ పొడవునా కొలిచే దూరం) నుంచి ఏ ఛైనేజీ వరకు, ఏ లెవెల్ దగ్గర రాతి పొర మొదలైంది, జాయింట్ లెవెల్స్‌కు (ఇద్దరూ కలిసి ఎత్తులు కొలవడానికి) ఏ రోజు ఎన్ని గంటలకు రావాలి అన్న మూడు విషయాలూ అందులో ఉండాలి. "గట్టి రాయి వచ్చింది, పరిశీలించగలరు" అని రాస్తే ఉపయోగం తక్కువ. ఆ లేఖ మీద తేదీతో ఇన్‌వార్డు ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే అదే రోజు అధికారిక ఈమెయిల్‌కూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపాలి.

లెవెల్స్ తీసేటప్పుడు 10 మీటర్లకో వరస చొప్పున, ప్రతి వరసలో అడ్డంగా మూడు నుంచి ఐదు పాయింట్ల దగ్గర రాతి పైతలం రీడింగు తీసుకోవాలి. మొదలుపెట్టే ముందూ ముగించాకా బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన స్థిర గుర్తు) మీద చూసుకోవాలి. రెండు రీడింగులూ కలవకపోతే పేజీ మొత్తం పనికిరాదు. లెవెల్ ఫీల్డ్ బుక్‌లో ఇద్దరి సంతకాలు అక్కడే, ఆ రోజే పడాలి. మొదట తీసిన నేల లెవెల్సు, ఇప్పుడు తీసిన రాతి లెవెల్సు, చివరి బెడ్ లెవెల్సు పక్కపక్కన పెడితే మట్టి ఎంతో రాయి ఎంతో కూడికలూ తీసివేతలతోనే తేలిపోతుంది.

దాని తర్వాత వచ్చేది వర్గీకరణ. గ్రావెల్, హెచ్‌డీఆర్ (శిథిలమైన గట్టి రాయి), ఎఫ్ అండ్ ఎఫ్ రాక్ (పగుళ్లున్న రాయి), బ్లాస్టింగ్ అవసరమైన హార్డ్ రాక్ అన్న మెట్లలో గొడవంతా ఎఫ్ అండ్ ఎఫ్‌కూ హార్డ్ రాక్‌కూ మధ్యే. పగుళ్లున్న రాయిని బ్రేకర్‌తో తీయొచ్చు కదా అన్నది డిపార్ట్‌మెంట్ వాదన. దీనికి నోటిమాట జవాబు కాదు. డ్రిల్లింగ్ మీటర్ల లెక్క, పేలుడు పదార్థాల కొనుగోలు ఓచర్లు, బ్లాస్టింగ్ రిజిస్టర్ చూపించాలి. పేలుడు పదార్థాలు లైసెన్స్ మీదే దొరుకుతాయి, ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది. అందుకే ఇది రెండు పక్షాలకూ సంబంధం లేని సాక్ష్యం అవుతుంది. అదే సాక్ష్యం ఎదురు తిరగడమూ ఉంది. 9,000 ఘనపు మీటర్లు పేల్చామని చెప్పి 500 ఘనపు మీటర్లకు సరిపడా ఓచర్లే పెడితే ఆ క్లెయిమ్ అక్కడితో పోయినట్టే.

ఇదంతా ఐటెమ్ రేటు (ఒక్కో పనికి విడి రేటు), పర్సంటేజీ (ఎస్టిమేట్ మీద ఇంత శాతం ఎక్కువ లేదా తక్కువ) టెండర్లకు వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 తర్వాత జలయజ్ఞం కింద ఇచ్చిన పెద్ద పనులు చాలావరకు ఈపీసీ పద్ధతిలో సాగాయి. ఈపీసీలో సర్వే, డిజైన్, పరిమాణాలు అన్నీ కాంట్రాక్టర్ బాధ్యతే కనుక రాయి ఎక్కువ తగిలిందన్న మాట మీద అదనపు డబ్బు రాదు. డిపార్ట్‌మెంట్ అలైన్‌మెంట్‌నో (కాలువ దారి) డిశ్చార్జినో (పారే నీటి పరిమాణం) మార్చినప్పుడే అవకాశం ఉంటుంది. ఏ పద్ధతి కాంట్రాక్టో చూసుకోకుండా పాత పని క్లెయిమ్‌ను నకలు దించడం వల్ల పోయే కేసులు ఉన్నాయి.

సొంత లీకేజీ వేరు, ఎదుటివారి వల్ల నష్టం వేరు

పర్సంటేజీ టెండర్‌లో 20 శాతం లెస్ వేసి పని పట్టినవారు ఒక సంగతి మరిచిపోతారు. ఆ లెస్ అదనపు పనులకూ వర్తిస్తుంది. కొత్త ఐటెమ్‌కు ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) ప్రకారం రేటు కట్టాక అదే టెండర్ శాతం దాని మీదా కోత పడుతుందని షరతుల్లోనే ఉంటుంది. అంటే తక్కువకు పట్టిన పనిలో అదనపు పని పెరిగితే నష్టం తీరకపోగా పెరగనూ వచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల టెండర్లలో లెస్ 25 శాతం దాటితే ఆ దాటిన మేరకు అదనపు సెక్యూరిటీ కట్టాల్సి వస్తుంది. ఆ డబ్బూ పని అయ్యేదాకా కదలదు.

బిల్లు పాసయ్యాక చేతికొచ్చేదెంతో కూడా ముందే వేసుకోవాలి. 100 రూపాయల పనికి ఎఫ్ఎస్‌డీ (బిల్లులో పట్టి ఉంచే అదనపు సెక్యూరిటీ డిపాజిట్) కింద సాధారణంగా 7.5 శాతం పట్టుకుంటారు. ఆదాయపు పన్ను టీడీఎస్ వ్యక్తులకు 1 శాతం, కంపెనీలకూ భాగస్వామ్య సంస్థలకూ 2 శాతం. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, లేబర్ సెస్ 1 శాతం. సీనరేజీ (రాయి, ఇసుక, మట్టి మీద ప్రభుత్వ రుసుము) కాకుండానే చేతికి 87, 88 రూపాయలు మిగులుతాయి. లాభం 10 రూపాయలు వేసుకుని ఉంటే అది మొత్తం డిపాజిట్‌లోనూ పన్ను ఖాతాలోనూ ఇరుక్కుపోయినట్టు లెక్క. బిల్లు ఆరు నెలలు ఆగితే ఆ ఆరు నెలలూ పని నడిచేది బ్యాంకు డబ్బుతో, వడ్డీ మీద.

అందుకే ఖర్చుల పట్టిక వారానికొకసారి ఐటెమ్ వారీగా వేయాలి. నెలాఖరున మొత్తం ఖర్చు, మొత్తం బిల్లు పక్కపక్కన పెట్టుకుంటే ఏదీ దొరకదు. ఒక ఉదాహరణ కాంక్రీట్. మిక్స్ డిజైన్ ప్రకారం ఘనపు మీటరుకు 340 కిలోల సిమెంటు చాలు. సైట్లో లెక్కకు సులువని ఏడు బస్తాలు వేస్తే 350 కిలోలు. పది కిలోలే కదా అనిపిస్తుంది. 2,000 ఘనపు మీటర్ల పనిలో అది 20,000 కిలోలు, అంటే 400 బస్తాలు.

స్టీల్‌లో ఇంకో రకం లీకేజీ ఉంది. 12 ఎంఎం కడ్డీ ప్రామాణిక బరువు మీటరుకు 0.888 కిలోలు. బిల్లు ఈ లెక్కనే వస్తుంది. కొనేది మాత్రం వేబ్రిడ్జి తూకం మీద. ఐఎస్ 1786 ప్రమాణం కడ్డీ బరువులో కొంత హెచ్చుతగ్గును అనుమతిస్తుంది, ఈ సైజుకు 5 శాతం వరకు అటూఇటూ ఉండొచ్చు. వచ్చిన లోడు 2 శాతం బరువెక్కువ ఉంటే 100 టన్నులు కొన్నప్పుడు ఎం-బుక్‌లో ఎక్కేది 98 టన్నులే. దీనికి తోడు కట్ ముక్కల వృథా. ప్రతి లోడు నుంచీ మూడు నాలుగు ఒక మీటరు ముక్కలు కోసి తూచి రిజిస్టర్‌లో రాసుకుంటే తర్వాతి ఆర్డర్ ఏ మిల్లుకు ఇవ్వాలో తెలుస్తుంది.

ఈ సిమెంటు, స్టీల్ నష్టాలను డిపార్ట్‌మెంట్ ఎప్పటికీ ఇవ్వదు, ఇవ్వాల్సిన పనీ లేదు. వారం పట్టికలో వీటిని ఒక వరసలో, స్థలం ఇవ్వకపోవడం, డ్రాయింగు ఆలస్యం, డిజైన్ మార్పు వల్ల పెరిగిన ఖర్చును మరో వరసలో రాయాలని చెప్పేది ఇందుకే. రెండూ కలిపేసి "మొత్తం నష్టం ఇంత, అంతా ఇప్పించండి" అని అడిగిన క్లెయిమ్‌లో నిజమైన భాగం కూడా మునిగిపోతుంది. ఎదుటి లాయర్ సిమెంటు లెక్కలో ఒక్క తప్పు పట్టుకుంటే ఆర్బిట్రేటర్ (కోర్టు బయట వివాదం తేల్చే మధ్యవర్తి) మిగతా పేజీలను కూడా అనుమానంగానే తిప్పుతాడు.

ఆలస్యం ఎవరిదో ఏ రోజుకారోజు

హిండ్రెన్స్ రిజిస్టర్ (పనికి వచ్చిన అడ్డంకులు రాసే పుస్తకం) అన్ని సైట్లలోనూ ఉంటుంది. చాలాచోట్ల ఫైనల్ బిల్లు ముందు ఒకే పెన్నుతో, ఒకే పూటలో నింపి ఉంటుంది. చూసిన వెంటనే తెలిసిపోతుంది. "స్థలం అప్పగించలేదు, 120 రోజులు" అన్న ఎంట్రీకి విలువ లేదు. పనికొచ్చే ఎంట్రీ ఇలా ఉంటుంది: కిలోమీటరు 4.200 నుంచి 4.650 వరకు భూసేకరణ పరిహారం అందలేదని రైతులు పని ఆపించారు, ఫలానా తేదీ ఉదయం 8 గంటల నుంచి, ఆ సమయానికి అక్కడ పొక్లెయిన్లు 2, టిప్పర్లు 6, మనుషులు 14 మంది, ఇందువల్ల ఆగిన పని లైనింగ్, దీని గురించి పంపిన లేఖ నంబరు ఇది. కింద ఏఈ సంతకం. అడ్డంకి తొలగిన రోజున కూడా అలాగే ఒక ఎంట్రీ, ఒక సంతకం.

రోజులు లెక్కించేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడిన రోజుల్ని తీసేయాలి. స్థలం వల్ల 120 రోజులు, డ్రాయింగుల వల్ల 60 రోజులు, అసాధారణ వర్షాల వల్ల 30 రోజులు. డ్రాయింగుల 60లో 45 రోజులు స్థలం లేని కాలంలోనే ఉన్నాయి. వర్షాల 30లో 10 రోజులు కూడా అంతే. మొత్తం 210 రోజులు అడిగితే తప్పు, నికరంగా వచ్చేది 155. వీటిలోనూ వర్షపు రోజులకు గడువు దొరుకుతుంది, డబ్బు రాదు. గడువు పెంపూ నష్టపరిహారమూ వేర్వేరు హక్కులు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది గడువు పెంపు దగ్గరే. ఈఓటీ (గడువు పెంపు) కోసం దరఖాస్తు పెట్టినప్పుడు "ఈ పెంపు వల్ల ఎలాంటి అదనపు పరిహారం కోరను" అని రాసిమ్మంటారు, లేదా సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో ఆ వాక్యం పెట్టేస్తారు. గడువు రాకపోతే బిల్లు రాదు కనుక సంతకం పడిపోతుంది. భారత ఒప్పందాల చట్టం 55వ సెక్షన్ చెప్పేదేమిటంటే, అవతలివారి వల్ల ఆలస్యమైన పనిని ఆ తర్వాత అంగీకరించేటప్పుడే, పరిహారం అడిగే ఉద్దేశం ఉందని నోటీసు ఇచ్చి ఉండాలి. 2002లో ఉత్తర రైల్వేకూ సర్వేశ్ చోప్రాకూ మధ్య కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే గట్టిగా చెప్పింది.

కాబట్టి ఈఓటీ దరఖాస్తులోనే ఒక పేరా ఉండాలి: ఆలస్యానికి కారణాలు ఇవి, ఇవి కాంట్రాక్టర్ చేతిలో లేనివి, పెంచిన కాలానికి అయ్యే ధరల తేడా, ఓవర్‌హెడ్లు (ఆఫీసు, నిర్వహణ ఖర్చులు), ఖాళీగా ఉన్న యంత్రాల ఖర్చు అడిగే హక్కు అట్టిపెట్టుకుంటున్నాం. హక్కు వదులుకుంటున్నట్టు బలవంతంగా రాయించుకుంటే, వీలైనంత త్వరగా, రోజుల్లోనే, ఏ పరిస్థితిలో సంతకం పెట్టాల్సి వచ్చిందో, ఏ బిల్లు ఎంత మొత్తం ఆగి ఉందో చెబుతూ లేఖ పంపాలి. ఒత్తిడి మీద తీసుకున్న డిశ్చార్జి ఓచర్ (ఇక బాకీ ఏమీ లేదని రాసిచ్చే కాగితం) వివాదాన్ని పూర్తిగా మూసేయదని 2008లో బొఘారా పాలీఫ్యాబ్ కేసు చెప్పింది. కానీ మూడేళ్లు మౌనంగా ఉండి, ఆ తర్వాత "ఒత్తిడి చేశారు" అని ఒక్క ముక్క రాస్తే నమ్మేవారుండరు.

ఖాళీ యంత్రాల క్లెయిమ్‌లో సాధారణంగా జరిగే పొరపాట్లు రెండు. గంట అద్దె మొత్తం వేసేస్తారు, అందులో డీజిల్ కూడా ఉంటుంది. నిలబడి ఉన్న యంత్రం డీజిల్ తాగదు. అద్దె లేదా తరుగుదల, ఆపరేటర్ జీతం మాత్రమే వేయాలి. రెండోది, ఐదు నెలలూ యంత్రాలు అక్కడే ఉన్నాయని రాయడం. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేశారా అన్నది ఒప్పందాల చట్టం 73వ సెక్షన్ వివరణ ప్రకారం చూస్తారు. రెండు మూడు వారాల తర్వాత యంత్రాలను వేరే సైట్‌కు తరలించి, ఆ తరలింపు ఖర్చు అడగడం నిజాయితీ, బలం కూడా. ఈ రోజుల్లో టిప్పర్ ఎక్కడుందో ఫాస్టాగ్ రికార్డు చెబుతుంది. ఖాళీగా ఉందన్న రోజున అది వంద కిలోమీటర్ల అవతల టోల్ దాటి ఉంటే మొత్తం పట్టికే అబద్ధమైపోతుంది.

ధరల తేడా సూత్రం ఇచ్చేదెంత

ధరల సర్దుబాటు క్లాజ్ ఉంటే చాలు, పెరిగినదంతా వస్తుందనుకోవడం భ్రమ. జాతీయ రహదారుల తరహా కాంట్రాక్టుల్లో వాడే సూత్రాన్ని ఒక త్రైమాసికానికి వేసి చూస్తే తెలుస్తుంది. ఆ మూడు నెలల్లో చేసిన పని 80 లక్షలు. అందులో సిమెంటు వాటాగా కాంట్రాక్టులో రాసుకున్నది 15 శాతం. సిమెంటు సూచీ 120 నుంచి 132కి, అంటే 10 శాతం పెరిగింది. 80 లక్షల్లో 15 శాతం 12 లక్షలు, దానిలో 10 శాతం 1.20 లక్షలు, దాన్ని ఆ సూత్రంలోనే ఉన్న 0.85తో గుణిస్తే 1.02 లక్షలు. వచ్చేది అంతే. సూచీ కేంద్ర వాణిజ్య శాఖ ఆర్థిక సలహాదారు కార్యాలయం ప్రకటించే టోకు ధరలది. డీలర్ దగ్గర బస్తా 25 శాతం పెరిగినా సూచీ 10 శాతమే పెరిగితే 10 శాతమే లెక్క. కొన్ని టెండర్లలో 5 శాతం దాటిన భాగానికే సర్దుబాటు అన్న షరతు కూడా ఉంటుంది.

మూల సూచీ ఏ నెలదో అన్నది తరచూ వాదన అవుతుంది. టెండర్ దాఖలు చేసే చివరి తేదీకి ముందు 28 రోజుల నాటిదా, అగ్రిమెంట్ నెలదా అన్నది క్లాజ్‌లో ఒక్క పదం మీద ఉంటుంది. ఆ ఒక్క పదం మొత్తం పని కాలానికి వర్తిస్తుంది.

పన్నుల మార్పు దీనికి విడిగా చూడాలి. 2022 జులై 18 నుంచి చాలా రకాల ప్రభుత్వ వర్క్స్ కాంట్రాక్టులపై జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. కోటి రూపాయల పని మీద తేడా 6 లక్షలు. రేట్లు పన్నుతో కలిపి వేశారా, పన్ను విడిగా ఇస్తారా, తర్వాత వచ్చిన చట్ట మార్పుల భారం ఎవరిది అన్న మూడు క్లాజులూ కలిపి చదివితేనే జవాబు దొరుకుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. పెరిగినప్పుడు అడిగినట్టే, తగ్గినప్పుడు డిపార్ట్‌మెంట్ కోత వేస్తుంది. ఆ లెక్కా సిద్ధంగా ఉండాలి.

హడ్సన్ సూత్రం మీద కట్టిన మేడలు

పని గడువు దాటినప్పుడు హెడ్ ఆఫీసు ఖర్చు, లాభం పోయాయంటూ హడ్సన్ సూత్రం వాడతారు. ఉదాహరణకు 12 కోట్ల పని, 18 నెలల గడువు, 5 నెలల ఆలస్యం, ఓవర్‌హెడ్, లాభం కలిపి 10 శాతం. నెలకు సగటు పని 66.67 లక్షలు, అందులో 10 శాతం 6.67 లక్షలు, ఐదు నెలలకు 33.33 లక్షలు. కాగితం మీద చక్కగా ఉంది.

ఇందులో మొదటి లోపం, 12 కోట్లలో ఆ 10 శాతం అప్పటికే కలిసి ఉంది. దాన్ని విడదీస్తే మూల వ్యయం 10.91 కోట్లు, క్లెయిమ్ 30.30 లక్షలకు దిగుతుంది. రెండోది, ఆ ఐదు నెలల్లో పని పూర్తిగా ఆగలేదు. కోటిన్నర పని జరిగి బిల్లు కూడా వచ్చింది. ఆ బిల్లులో ఓవర్‌హెడ్, లాభం వాటా 13.64 లక్షలు చేరిపోయింది. మిగిలేది 16.66 లక్షలు. ఇక కంపెనీ ఆడిట్ లెక్కల్లో ఆ రెండేళ్లూ ఓవర్‌హెడ్, లాభం కలిపి 10 శాతం లేకపోతే అది ఇంకా తగ్గుతుంది. మొదట్లోనే 16 లక్షలు అడిగినవారి మాటకు ఉండే బరువు, 33 లక్షలు అడిగి సగానికి దిగినవారి మాటకు ఉండదు.

హడ్సన్, ఎమ్‌డెన్, ఐకిలే సూత్రాల్లో ఏది వాడాలన్నది ఆర్బిట్రేటర్ ఎంచుకోవచ్చని 2006లో మెక్‌డెర్మట్ కేసులో సుప్రీంకోర్టు అంది. దాన్ని పట్టుకుని సూత్రమే సాక్ష్యం అనుకున్నవారికి 2023లో రెండు తీర్పులు ఎదురయ్యాయి. బాట్లిబాయ్ ఎన్విరాన్‌మెంటల్ కేసులో ఓవర్‌హెడ్లూ లాభమూ రెండుసార్లు లెక్కకెక్కిన అవార్డు (ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పు) నిలవలేదు. యూనిబ్రోస్ కేసులో, పోయిన లాభం అడిగేవారు, ఆ కాలంలో చేతికందే వేరే పనిని ఈ పని వల్లే వదులుకోవాల్సి వచ్చిందని రుజువు చూపాలని తేల్చారు. అంటే ఆ నెలల్లో వచ్చిన టెండర్ నోటిఫికేషన్లు, బిడ్ కెపాసిటీ చాలక వేయలేకపోయిన టెండర్ల వివరాలు, బ్యాంకు గ్యారంటీ పరిమితి ఎంతవరకు ఈ పనిలో ఇరుక్కుందో చెప్పే బ్యాంకు లేఖ లాంటివి దాచి ఉంచాలి.

డిపార్ట్‌మెంట్ వేసే లిక్విడేటెడ్ డ్యామేజీలకూ (ఎల్‌డీ, ఆలస్యానికి ఒప్పందంలోనే రాసుకున్న పరిహారం) ఇదే కొలత. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ కింద ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, సమంజసమైన పరిహారమే రావాలని 2015లో కైలాశ్‌నాథ్ కేసు వివరించింది. ఆలస్యంలో డిపార్ట్‌మెంట్ వాటా ఉందని హిండ్రెన్స్ రిజిస్టర్ చూపిస్తే ఎల్‌డీ నిలబడటం కష్టం.

గొడవ ఎక్కడ తేలుతుంది

వివాదాల క్లాజ్‌ను సంతకానికి ముందు చదివేవారు తక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి వస్తున్న టెండర్ షరతుల్లో 50,000 రూపాయలు దాటిన క్లెయిములు సివిల్ కోర్టుకే వెళ్లాలని ఉంటుంది. ఆ షరతున్న పనికి ఆర్బిట్రేషన్ నోటీసు పంపి ఏళ్లు పోగొట్టుకోవడం వ్యర్థం. నిర్మాణ కాంట్రాక్టు వివాదం 3 లక్షలు దాటితే కమర్షియల్ కోర్టు పరిధి. ప్రభుత్వం మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అత్యవసర ఉపశమనం కోరని కమర్షియల్ దావాకు ముందుగా మీడియేషన్ తప్పనిసరి. కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆర్బిట్రేషన్‌ను 10 కోట్ల లోపు వివాదాలకు పరిమితం చేయాలని సూచించింది. పెద్ద కేంద్ర పనులకు బిడ్ వేసేవారు కోర్టు కాలాన్ని కూడా ధరలో వేసుకోవాలి.

ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉన్నచోట, ఒక పక్షమే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించే పద్ధతి 2019 పర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పుతోనే పోయింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఏకపక్ష నియామకం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. వాదప్రతివాదాల దాఖలుకు ఆరు నెలలు, అది పూర్తయ్యాక అవార్డుకు 12 నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో ఆరు, ఆపైన కోర్టు అనుమతి. వడ్డీ విషయంలో మాత్రం కాంట్రాక్టును మళ్లీ తీసి చూడాలి. అవార్డుకు ముందు కాలానికి వడ్డీ ఇవ్వకూడదని అందులో ఉంటే ఆర్బిట్రేటర్ ఇవ్వలేడు. రైల్వే కాంట్రాక్టుల్లో ఇది మామూలే.

అంతర్జాతీయ రుణాలతో నడిచే పనుల్లో ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) షరతులు వస్తాయి. సంఘటన తెలిసిన 28 రోజుల్లో క్లెయిమ్ నోటీసు ఇవ్వాలి. గడువు దాటితే హక్కే పోతుందన్న షరతును మన ఒప్పందాల చట్టం 28వ సెక్షన్ కింద సవాలు చేసే వాదన ఉంది. ఆ వాదన మీద ఆధారపడి నోటీసు ఆపుకోవడం తెలివైన పని కాదు.

లిమిటేషన్ (క్లెయిమ్ వేయడానికి చట్టం ఇచ్చే గడువు) మూడేళ్లు. ఉత్తర ప్రత్యుత్తరాలు, కమిటీల చర్చలు సాగుతున్నాయని గడువు ఆగదని 2023లో బి అండ్ టి ఏజీ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు "నిరసనతో స్వీకరించడమైనది" అని చేత్తో రాసి, క్లెయిముల జాబితా లేఖ నంబరు పక్కన వేయాలి. ఆ రోజు నుంచి క్యాలెండర్ మీద రెండున్నరేళ్లకు ఒక గుర్తు పెట్టుకుంటే మిగతా ఆరు నెలలు నోటీసులకు సరిపోతాయి.

అవార్డు వచ్చినా డబ్బు వెంటనే రాదు. కొట్టివేయమని మూడు నెలల్లో, కారణం చూపితే మరో 30 రోజుల్లో ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్తారు. 2015 సవరణ తర్వాత ఆ దరఖాస్తు వేసినంత మాత్రాన స్టే రాదు. కేంద్ర శాఖలు అప్పీలుకు వెళ్తే 75 శాతం బ్యాంకు గ్యారంటీ మీద చెల్లించాలని 2021 అక్టోబరు ఆర్థిక శాఖ సూచనల్లో ఉంది. 2023లో కేంద్రం తెచ్చిన వివాద్ సే విశ్వాస్ రెండో పథకం ఆర్బిట్రేషన్ అవార్డుల్లో గరిష్ఠంగా 65 శాతం, కోర్టు తీర్పుల్లో 85 శాతం ఇచ్చి ముగించే అవకాశం ఇచ్చింది.

ఇలాంటి రాజీ వచ్చినప్పుడు కోపంతోనో ఆశతోనో తేల్చుకోకుండా లెక్క వేయాలి. కోటి రూపాయల అవార్డు, దాని మీద 9 శాతం సాధారణ వడ్డీ, అప్పీళ్లు తేలడానికి నాలుగేళ్లు అనుకుంటే చివరికి వచ్చేది 1.36 కోట్లు. కాంట్రాక్టర్ క్యాష్ క్రెడిట్‌కు కడుతున్న వడ్డీ 12 శాతమైతే ఆ 1.36 కోట్ల నేటి విలువ దాదాపు 86 లక్షలు. అవార్డు కొట్టివేతకు గురయ్యే అవకాశం నాలుగింట ఒకటి ఉందనుకుంటే అది 65 లక్షలకు దిగుతుంది. లాయర్ ఫీజులు ఇంకా తీయలేదు. రికార్డు గట్టిగా ఉండి ఓడిపోయే అవకాశం పదింట ఒకటే అనిపిస్తే విలువ 78 లక్షలు, అప్పుడు ఆగొచ్చు. ఏ అంకె వేయాలో చెప్పేది మళ్లీ ఆ లెవెల్ ఫీల్డ్ బుక్, ఆ హిండ్రెన్స్ రిజిస్టర్, వాటిలో ఏఈ సంతకం పక్కనున్న తేదీలే.